హార్మోనియం మెట్లు, కంప్యూటరు అంకెలు

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి తీగెలతోను, ప్లగ్గులతోను ఏమి పని అని ఈ సంచికను తిరగవేసే విద్యార్థులు అడగవచ్చును. అడగదగిన ప్రశ్నయే. దానికి ముందుగా సమాధానం చెప్పి, ఆ తరువాత పాఠంలోకి వెళ్ళడం న్యాయం.

మా కుటుంబంలో ఒక పెద్దవారున్నారు. మా అమ్మగారి అన్నగారు; మేము మామూజాన్ అని పిలుస్తాము. యాభై ఏండ్లకు పైగా హార్మోనియం వాయించినవారు. కాజీపేట దర్గా ఉర్సు దినాలలోను, మండీ బజారు చుట్టుప్రక్కల ఇండ్లలో జరిగే మెహఫిళ్ళలోను, కవ్వాలీ బృందాల ప్రక్కన కూర్చుని వాయించారు. పేరును వారు కోరలేదు. పేరెవరని అడిగినవారు కూడ తక్కువే. వారికి తెలిసిన ధున్‌లు గాని, ఏ గాయకునికి ఎక్కడ ఎంత సందు ఇవ్వవలెనన్న లెక్క గాని ఏ కాగితం మీదను లేవు. రెండేండ్లుగా వారి కుడిచేతి ఉంగరపు వ్రేలు వణుకుతున్నది. ఆ వ్రేళ్ళలో ఉన్నదానిని ఎక్కడనైనా నిలుపవచ్చునా అన్న ఆరాటమే మమ్ములను ఈ విద్య వైపు నడిపించింది.

సెల్‌ఫోనులో పట్టుకుంటే సరిపోదా అని కొందరన్నారు. పట్టుకున్నాము కూడ. కాని ఆ ధ్వనిలో నలుగురి గొంతులు, ఎనిమిది చేతుల చప్పట్లు, తబలా, వీధిలో పోయే ఆటోల కేకలు అన్నీ ఒకటిగా కలిసిపోయినవి. హార్మోనియం వినబడుతుంది, ఏ వ్రేలు ఏ మెట్టును ఎప్పుడు నొక్కి ఎప్పుడు వదిలినదీ మాత్రం తేలదు. మాకు కావలసినది వ్రేళ్ళ నడకకు సంబంధించిన దాఖలా. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు వాద్యాల పేర్లెన్నింటినో పేర్కొన్నాడు. మన ఓరుగల్లు సేనాపతి జాయపుడు క్రీ.శ. 1254 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఆ గ్రంథాలను చదువుతుంటే మాకు ఆనందంతో పాటు ఒక దిగులు కూడ కలుగుతుంది. పేర్లు నిలిచినవి, ఆనాటి చేతులు నిలువలేదు.

వ్రేళ్ళ నడకను వ్రాసి పెట్టే లిపి ఒకటి నలుబది ఏండ్లకు పైగా ప్రపంచంలో వాడుకలో ఉన్నది. దాని పేరు మిడి. సంగీత వాద్యాలు అంకెల భాషలో ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు ఏర్పడిన ఒప్పందం అని దాని పేరుకు తాత్పర్యం చెప్పుకోవచ్చును. 1980 ప్రాంతంలో విద్యుత్ వాద్యాలు చేసే ప్రతి సంస్థకును తనదైన పద్ధతి ఒకటి ఉండేది. ఒకరి వాద్యం మరొకరి వాద్యంతో పలికేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో రోలండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి ఈ చిక్కును విప్పుటకు పూనుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యపరికరాల ప్రదర్శనలో డేవ్ స్మిత్ సంస్థ చేసిన ప్రాఫెట్-600, రోలండ్ వారి జూపిటర్-6 అనే రెండు వాద్యాలను ఒక తీగెతో కలిపి చూపించారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండవది పలికింది. పరస్పరం పోటీపడే రెండు సంస్థల సరుకు ఒకే మాట మాట్లాడడం ఆనాడు వింతయే. ఒప్పందపు పాఠం ఆ సంవత్సరమే ప్రకటితమైనది. వీరిరువురికీ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది. కకెహాషి 2017లోను, స్మిత్ 2022లోను కాలధర్మం చెందారు.

మన సినిమా పాటలలో ఈ విద్య ఎప్పటి నుండియో ఉన్నది. స్వయంగా సంగీత దర్శకుడు కాకముందు ఏ.ఆర్. రహ్మాన్ మన రాజ్-కోటి ద్వయం వద్ద కీబోర్డు వాయించిన సంగతి చాలమందికి తెలిసినదే. ఐతే స్టూడియోలో జరిగేది వేరు, ఇంటిలో ఒక పాత కంప్యూటరు ముందు జరిగేది వేరు. మా పాఠం ఇంటికి సంబంధించినది.

మిడిని గురించి మొట్టమొదట గ్రహింపవలసిన విషయం, దాని తీగెలో ధ్వని ప్రవహించదు. దీనిని అందరూ చెబుతారు; వినినవారందరూ తల ఊపుతారు; అయినను మొదటి రోజున కీబోర్డుకు చెవి ఆనించి పాటకోసం ఎదురు చూస్తారు. మేమును చూశాము. లిపితో పోల్చుకుంటే ఇది తేటపడుతుంది. 'అ' అనే అక్షరంలో శబ్దం లేదు. చదివేవాని నోటిలో ఉన్నది. ఉర్దూ చదువుకున్న మా విద్యార్థులకు ఇంకను సులభంగా చెప్పవచ్చును. ఉర్దూ వ్రాతలో జేర్, జబర్, పేష్ గుర్తులను సాధారణంగా వ్రాయరు. చదివేవాడు భాష తెలిసినవాడు కనుక ఆ హ్రస్వాచ్చులను తానే నింపుకుంటాడు. మిడి కూడ అటువంటి పొదుపు లిపియే. ఏ మెట్టు, ఎంత వేగంగా నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అన్నంత వరకే అది వ్రాస్తుంది. గొంతు ఇచ్చే పని చదివేవానిది. ఇక్కడ చదివేవాడు కంప్యూటరు.

ఆ లిపిలో ఒక్క మాటను విప్పి చూద్దాము. మెట్లకు 0 మొదలు 127 వరకు సంఖ్యలున్నవి. పాశ్చాత్యుల మధ్యమ సి, అనగా మనవారు ఒకటవ శ్రుతి అని, కవ్వాలీ వారు సఫేద్ ఏక్ అని పిలిచే తెల్ల మెట్టు సంఖ్య 60. మామూజాన్ ఎక్కువగా వాయించేది కాలీ దో నుండి, అనగా మన రెండున్నర శ్రుతి నుండి. దాని సంఖ్య 63. ఆ మెట్టును నొక్కినంతనే 144, 63, 100 అనే మూడు సంఖ్యలు తీగెలో బయలుదేరుతవి. 144 అనగా మొదటి మార్గంలో ఒక స్వరం మొదలైనదని అర్థం. 63 మెట్టు పేరు. 100 ఆ మెట్టు క్రిందికి దిగిన వేగం. ఇది కూడ 127 వరకు ఉండవచ్చును. వ్రేలెత్తగానే 128తో మొదలయ్యే మరొక మూడు సంఖ్యలు వెళ్ళి ఆ స్వరం ముగిసినదని తెలుపుతవి. ఇటువంటి మార్గాలు పదహారు; ఒక్కొక్క మార్గాన్ని ఒక్కొక్క వాద్యానికి కేటాయించవచ్చును.

పాత గుండ్రని అయిదు మొనల తీగెలో ఈ సంఖ్యలు సెకనుకు 31,250 బిట్ల వేగంతో, ఒకదాని వెనుక ఒకటిగా నడుస్తవి. ఒక్కొక్క సంఖ్యకు ముందు వెనుకల గుర్తులతో కలిపి పది బిట్లు కావలెను. కనుక మూడు సంఖ్యల మాటకు ముప్పది బిట్లు, అనగా సెకనులో వేయింట ఒక వంతు కన్న కొంచెం తక్కువ కాలం పడుతుంది. అయిదు మొనలలో పనిచేసేవి మూడే. ఇందులో మాకు ముచ్చట గొలిపిన ఏర్పాటు ఒకటి ఉన్నది. పంపే వాద్యపు విద్యుత్తు అందుకునే వాద్యంలోకి నేరుగా ప్రవేశించదు. అందుకునే వైపున ఒక చిన్న దీపము, దానికి ఎదురుగా ఒక కన్ను అమర్చి ఉంటవి. దీపం వెలిగి ఆరడాన్ని కన్ను చూసి సంఖ్యలుగా గ్రహిస్తుంది. నడుమ లోహపు సంబంధం లేనందున ఒక యంత్రంలోని విద్యుద్దోషం గాని, గుర్రుమనే రొద గాని రెండవ యంత్రానికి అంటదు.

ఇక మా ఇంటి సంగతి. మాకు ఎరువుగా దొరికిన కీబోర్డు పాతది. అరువది ఒక్క మెట్లది. దానికి యు.ఎస్.బి. రంధ్రం లేదు. వెనుక ఇన్, అవుట్ అని రెండు గుండ్రని రంధ్రాలున్నవి. ఇప్పుడు వచ్చే కీబోర్డులకు చాలవరకు యు.ఎస్.బి. ఉంటుంది. 1999లో యు.ఎస్.బి. వారు మిడికి ప్రత్యేకంగా ఒక పద్ధతిని నిర్ణయించారు. దానిని పాటించే కీబోర్డులను ముద్రణయంత్రానికి వాడే సాధారణ తీగెతో తగిలించిన చాలును, కంప్యూటరు తనంతట తానే గుర్తుపడుతుంది. అటువంటిది గలవారు అదృష్టవంతులు. మేము మాత్రం ఒక చివర యు.ఎస్.బి., మరొక చివర రెండు గుండ్రని ప్లగ్గులు, నడుమ అగ్గిపెట్టె వంటి చిన్న డబ్బా గల తీగెను కొనవలసి వచ్చింది. ప్లగ్గుల మీద ఇన్, అవుట్ అని వ్రాసి ఉన్నది. ఇన్ అని ఉన్నదానిని ఇన్ రంధ్రంలోను, అవుట్ అని ఉన్నదానిని అవుట్ రంధ్రంలోను ఎంతో క్రమశిక్షణతో బిగించాము. రెండు సాయంకాలాలు గడిచినవి. ఒక్క సంఖ్య కూడ రాలేదు.

తప్పు మా క్రమశిక్షణలోనే ఉన్నది. కీబోర్డు మాట బయటికి వచ్చేది దాని అవుట్ నుండి. ఆ మాట తీగెకు లోపలికి వెళ్ళవలెను. కావున ఇన్ అని వ్రాసిన ప్లగ్గు కీబోర్డు అవుట్ రంధ్రానికి తగలవలెను. ఒకరి నోరు మరొకరి చెవికి ఎదురుగా ఉండవలెను గాని నోటికి నోరు, చెవికి చెవి ఆనితే సంభాషణ ఎట్లా సాగుతుంది? కొన్ని తీగెల మీద 'వాద్యపు అవుట్‌కు' అన్నట్లు వివరంగా వ్రాసి ఉంటుందట. మాది అటువంటిది కాదు. మూడవ సాయంకాలం రెండవ సంవత్సరం చదివే మా విద్యార్థి ఒకడు వచ్చి, ప్లగ్గులను మార్చి, ఏమియు అనకుండా నిలబడ్డాడు. ఆ మౌనం మాకు గుర్తున్నది.

ఇక్కడ ఆరంభకులకు ఒక సలహా. ధ్వని కోసం ప్రాకులాడుటకు ముందు సంఖ్యలు వస్తున్నవో లేదో చూచుకొనవలెను. మిడి-ఆక్స్ వంటి చిన్న ఉచిత ప్రోగ్రాము విండోస్ కంప్యూటరులో ఈ పని చేస్తుంది. మెట్టు నొక్కినప్పుడల్లా తెర మీద సంఖ్యల వరుస కనబడితే తీగె, కీబోర్డు రెండును ఆరోగ్యంగా ఉన్నట్లు. అప్పుడు ధ్వని రాకపోతే లోపం కంప్యూటరు లోపలి ఏర్పాటులో ఉన్నదని తెలుస్తుంది. వెదకవలసిన చోటు సగమవుతుంది.

సంఖ్యలు వచ్చినవి. గొంతు కావలెను. 1991లో జనరల్ మిడి అనే పేరుతో 128 వాద్యధ్వనుల జాబితా ఒకటి నిర్ణయింపబడినది. దానిలో 105వది సితార్, 112వది షహనాయి. తబలా లేదు. మన చేతి హార్మోనియం లేదు. దానికి దగ్గరి బంధువైన రీడ్ ఆర్గన్ 21వ సంఖ్యలో ఉన్నది. ఆ ధ్వనిని పెట్టి వినిపిస్తే మామూజాన్ మర్యాదకు తల ఊపి చాయ్ అడిగారు. అర్థం చేసుకున్నాము. వారి సొంత హార్మోనియాన్ని ఇంటికి తెప్పించి, కిటికీలు మూసి, ఫంకా ఆపి, ఒక్కొక్క మెట్టునే నాలుగైదు సెకన్ల వంతున ధ్వనిముద్రణ చేశాము. పాలీఫోన్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ధ్వనులను మెట్ల సంఖ్యలకు జతపరిచి సౌండ్‌ఫాంట్ అనే ఒక కట్టగా చేసినది మా విద్యార్థియే. స్వరం నొక్కినంతసేపు సాగుటకై ప్రతి ధ్వనిలోను నడిమి భాగాన్ని చుట్టుతిరిగేటట్లు అమర్చవలెను. అతుకు వినబడకుండా అది చేయడానికి అతనికి మూడు వారాలు పట్టింది. దానితో కంప్యూటరుకు మామూజాన్ పెట్టె గొంతు వచ్చింది. ఎడమ చివరనున్న ఒక మెట్టు కొంచెం బొంగురుపోయి ఉండేది. ఆ బొంగురు కూడ వచ్చింది.

తరువాతి చిక్కు ఆలస్యం. మెట్టు నొక్కిన తరువాత ధ్వని వెంటనే రావడంలేదు. విండోస్‌తో పాటు ముందుగానే వచ్చే ధ్వని ఉత్పాదకంలో ఈ ఆలస్యం చెవికి తెలిసిపోయేటంత ఉంటుంది. తీగెను నిందించకూడదు; తీగెలో గడిచేది వేయింట ఒక వంతే అని పైన చూశాము. కంప్యూటరు ధ్వనిని బొట్లు బొట్లుగా కాక గిన్నెలు గిన్నెలుగా నింపి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, గిన్నెలో 2,048 నమూనాలు పట్టేటట్లుంటే ఒక్క గిన్నె నిండుటకే 46 మిల్లీసెకన్లు కావలెను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, వాయించేవానికి తన వాద్యం పదహారు మీటర్ల దూరంలో ఎవరో వాయిస్తున్నట్లుంటుంది. గిన్నెను 256 నమూనాలకు తగ్గిస్తే ఆ కాలం ఆరు మిల్లీసెకన్లకు లోపు పడుతుంది. అనగా రెండు మీటర్ల దూరం, తబలా వాయించేవాడు కూర్చునేటంత. మరీ చిన్నది చేస్తే పాత కంప్యూటరు అందుకోలేక చిటపటలాడుతుంది. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏషియో అనే పద్ధతి ఈ గిన్నెల పరిమాణాన్ని మన చేతికి ఇస్తుంది. మా యంత్రం 256 వద్ద నిలకడగా నడిచింది.

అన్నీ కుదిరినవనుకుని ఒక జుమేరాత్ సాయంకాలం మామూజాన్‌ను పిలిచాము. కీబోర్డును బల్ల మీద పెట్టి కుర్చీ వేశాము. వారు కుర్చీ వద్దన్నారు. చాప పరిచి, కీబోర్డును క్రింద పెట్టించి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కుడిచేయి మెట్ల మీదికి వెళ్ళింది. ఎడమచేయి కీబోర్డు వెనుకకు వెళ్ళి, అక్కడ ఏమియు లేక, గాలిలో రెండుసార్లు ఆడి, తొడమీద వాలింది.

"బేటా, దీనికి ఊపిరేదీ?" అన్నారు.

ఇన్ని దినాల మా అధ్యయనంలో ఈ ప్రశ్న మాకు తట్టలేదు. 1842లో పారిస్ నగరంలో దెబెన్ అనే వాద్యనిర్మాత హార్మోనియానికి హక్కు పొందినప్పుడు అది కాళ్ళతో త్రొక్కే వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దానిని నేలమీద కూర్చుని వాయించుటకు అనువుగా, వెనుక తిత్తిని చేతితో ఆడించేటట్లు మార్చారు. అప్పటి నుండి మన హార్మోనియంలో కుడిచేయి స్వరం చెబుతుంది, ఎడమచేయి బలం చెబుతుంది. మెట్టును ఎంత గట్టిగా కొట్టినను ధ్వని పెరగదు. తిత్తిని అదిమితేనే పెరుగుతుంది. మిడి లిపిని కూర్చినవారు మాత్రం పియానో వంటి వాద్యాలను ముందుంచుకుని, మెట్టు వేగాన్నే బలానికి గుర్తుగా పెట్టుకున్నారు. మామూజాన్ వ్రేళ్ళు మెట్లను తాకి వదిలేటంత తేలికవి. తెర మీద వారి వేగం 20, 25 అని పడుతున్నది. ధ్వని గొణుగుతున్నది. యంత్రం దృష్టిలో వారు చేతకాని వాద్యకారులు!

ఐతే లిపిలో దారి లేకపోలేదు. మెట్ల సంఖ్యలతో పాటు 'నియంత్రణ' మాటలు కూడ మిడిలో కలవు. వాటిలో 11వది పలుకుతున్న స్వరపు బలాన్ని పెంచి తగ్గించుటకు ఉద్దేశింపబడినది. కీబోర్డు ఎడమ అంచున చిన్న చక్రం ఒకటి ఉంటుంది. అది సాధారణంగా 1వ నియంత్రణను పంపి స్వరాన్ని కంపింపజేస్తుంది. కంప్యూటరులో ఆ 1ని 11గా మార్చి, మెట్టు వేగాన్ని లెక్కలోనికి తీసుకోవద్దని సౌండ్‌ఫాంట్‌లో సరిచేశాము. ఇప్పుడు కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి చక్రం మీద. తిత్తి ఆడించే చేతికి చక్రం చాల ఇరుకు. మామూజాన్ మూడు వారాలు దానితో పోరాడి లొంగదీశారు. మొదటి వారం విసుగుపడ్డారు. రెండవ వారం దానిని 'చూహా' అని పిలువసాగారు. మూడవ వారం ధున్ మధ్యలో, గాయకుడు ఊపిరి తీసుకునే చోట, వారి ఎడమచేయి చక్రాన్ని వెనుకకు జార్చి మళ్ళీ మెల్లగా ఎక్కించింది. అది తెర మీద గీతగా పడినది. మేము వెదకినది అదే.

ఒకనాడు వాయిస్తుండగా ఎవరి కాలో తగిలి తీగె ఊడింది. షడ్జం ఆగలేదు, సాగుతూనే ఉన్నది. మెట్టు విడిచిన మాట కంప్యూటరుకు చేరలేదు గనుక, దాని మట్టుకు ఆ వ్రేలు ఇంకను మెట్టు మీదనే ఉన్నది. ఇటువంటప్పుడు 123వ నియంత్రణ పంపితే మ్రోగే స్వరాలన్నీ ఆగుతవి. చాల ప్రోగ్రాములలో దీనికొక మీట ఉంటుంది. మేము మీట వెదకేలోపల ఇంటిలో పిల్లలందరూ చేరి నవ్వారు.

ఇక స్వరస్థానాల సంగతి. హార్మోనియం మీద మన సంగీతజ్ఞులకు పాత కోపం ఉన్నది. సప్తకంలో పండ్రెండే మెట్లు; ఇరువది రెండు శ్రుతులు పలుకవు; ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే మీండ్, గమకం దానికి సాధ్యం కావు. ఆకాశవాణిలో 1940 నుండి 1971 వరకు హార్మోనియంపై నిషేధమే ఉండేది. కవ్వాలీ వారు, నాటక పద్యాల వారు ఆ నిషేధాన్ని పట్టించుకోకుండా వాయిస్తూనే వచ్చారు. మా అభిప్రాయం అడిగితే, ఆ కోపంలో సగం న్యాయం ఉన్నది. మిగిలిన సగం, పామరులు దానిని ప్రేమించినందుకు వచ్చిన కోపం.

చిత్రమేమిటంటే, మిడి కీబోర్డులో మెట్లు పండ్రెండే అయినను లిపిలో అంతకన్న సూక్ష్మం ఉన్నది. స్వరాన్ని వంచే మాట ఒకటి గలదు. దానికి 16,384 అంచెలు. నడుమ 8,192 వద్ద స్వరం వంగకుండా నిలుస్తుంది. సాధారణంగా ఇరువైపుల రెండేసి అర్ధస్వరాల మేర, అనగా 200 సెంట్ల వంతున వంచవచ్చును. మెట్ల హార్మోనియంలో గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబూరాలో వినబడే అంతర గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో, 386 సెంట్లకు కొంచెం పైన నిలుస్తుంది. తేడా 13.7 సెంట్లు. ఆ మేరకు దించవలెనంటే 561 అంచెలు తగ్గించి 7,631 పంపవలెను. లిపిలో ఒక్కొక్క సంఖ్య 127ను మించరాదు కనుక 7,631ని రెండుగా విడదీస్తారు: 59ని 128తో హెచ్చించి 79 కలిపితే 7,631. చిన్న భాగం ముందు పోతుంది. కావున తీగెలో వెళ్ళేది 224, 79, 59. షడ్జం 63 అయినప్పుడు గాంధారం 67వ మెట్టు; ఆ మెట్టుకు ముందు ఈ మూడు సంఖ్యలు పంపితే గాంధారం తంబూరాలో ఒదుగుతుంది. గణితశాఖ మిత్రులు ఈ లెక్కను సరిచూచి ఇచ్చారు.

కాని ఇందులో ఒక మెలిక. ఆ మాట ఒక్క స్వరాన్నే వంచదు. ఆ మార్గంలో పలికే స్వరాలన్నింటినీ వంచుతుంది. షడ్జాన్ని పట్టి ఉంచి గాంధారం వాయిస్తే షడ్జం కూడ దిగిపోతుంది. ఇంటికి సున్నం వేయబోయి పునాది కదిలించినట్లు. షడ్జాన్ని ఒక మార్గంలోను, గాంధారాన్ని మరొక మార్గంలోను పంపడమే దీనికి ఉపాయం. ప్రతి స్వరానికీ ఒక మార్గం కేటాయించే ఈ పద్ధతిని 2018లో ప్రమాణంగా అంగీకరించారు. 2020లో వచ్చిన మిడి 2.0లో స్వరాలను వేర్వేరుగా వంచే మాటలే చేర్చారు. ఈ సదుపాయాలను మామూజాన్‌కు వివరించాము. వారు శ్రద్ధగా విని, తాను యాభై ఏండ్లుగా గాయకుని గాంధారానికి దారి ఇచ్చి ప్రక్కకు తప్పుకుంటున్నానని, ఆ మెట్టును ముట్టనే ముట్టనని చెప్పారు. ముద్రించిన సంఖ్యలను చూశాము. నిజమే. ఒక ధున్‌లో గాయకుడు గాంధారం మీద నిలిచే చోట్ల 67 దాదాపు కనబడలేదు. వారు షడ్జ పంచమాలను మాత్రం పట్టి ఉంచారు. ఆకాశవాణి వారికి ఈ కాగితం చూపవలసినది!

మిడి దాఖలాలో మరొక వసతి, వసతితో పాటు ప్రమాదం కూడ ఉన్నవి. ధ్వనిముద్రణలో తప్పు దొర్లితే మళ్ళీ వాయించవలసినదే. ఇక్కడ తప్పిన మెట్టు సంఖ్యను తరువాత దిద్దవచ్చును. 63 నుండి వాయించినదానిని మరొక గాయకుని కోసం 61 నుండి వినవలెనన్న ప్రతి సంఖ్యలోను రెండు తీసివేస్తే చాలును. స్వరాలను తాళపు గళ్ళలోకి లాగి సరిగా కూర్చోబెట్టే మీట కూడ ఉన్నది. మామూజాన్ వ్రేలు వణకడం వలన కొన్ని స్వరాలు ముందు వెనుకలుగా పడినవి. మా విద్యార్థి ఉత్సాహంతో ఒక నకలు తీసి ఆ మీట నొక్కాడు. తెర మీద స్వరాలన్నీ సైనికుల వలె వరుసకు వచ్చినవి. మామూజాన్‌కు వినిపించాము. కొంతసేపు విని, "ఈ వాయించేవారెవరు? మంచి చేయి. కొత్తవారా?" అన్నారు.

ఆ నకలును తుడిచివేశాము. వణుకు వలన తప్పిన స్వరాలకు, పాటకోసం కావాలని వెనుకకు లాగిన స్వరాలకు తేడా యంత్రానికి తెలియదు. మాకును పూర్తిగా తెలియదు. వారినే ప్రక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క చోట ఆపి, ఇది వ్రేలా, మనస్సా అని అడిగాము. 'వ్రేలు' అన్నచోట్ల మాత్రమే, మరొక ప్రతిలో సరిచేశాము. అసలు ప్రతిని ముట్టలేదు. ఒకచోట చాలసేపు ఆలోచించి, తమకును తెలియదన్నారు. దానిని అట్లే వదిలాము.

భద్రపరచుటను గురించి రెండు మాటలు. 1988లో మిడి ఫైలుకు ఒక సామాన్య రూపం ఏర్పడినది కనుక, ఏ ప్రోగ్రాములో వ్రాసినను ఆ రూపంలో దాచుకొనవలెను. ప్రోగ్రాములు పోయినా ఫైలు చదువబడుతుంది. అయిదు నిమిషాల ధ్వనిని సీడీ నాణ్యతతో దాచుటకు సుమారు 53 మెగాబైట్లు కావలెను. అదే అయిదు నిమిషాల వ్రేళ్ళ నడక కొన్ని పదుల కిలోబైట్లకు మించదు. అట్లని ధ్వనిని పారవేయరాదు. మేము ప్రతి ధున్‌కు మూడు వస్తువులు దాచినాము: మిడి ఫైలు, అదే సమయంలో సెల్‌ఫోనులో పట్టిన ధ్వని, ఒక కాగితం. ఆ కాగితం మీద ధున్ ఎవరి వద్ద నేర్చినది, ఏ సందర్భంలో వాయించేది, ఏ శ్రుతి, ఏ తాళం అన్నవి మామూజాన్ చెప్పగా ఉర్దూలోను, తెలుగులోను వ్రాశాము. సౌండ్‌ఫాంట్ కట్టను కూడ వాటితో జతపరిచాము. అది లేకపోతే ముందు ముందు ఈ ఫైలు తెరిచినవారికి మళ్ళీ ఆ 21వ సంఖ్య గొంతే వినబడుతుంది.

ఇప్పటికి పదకొండు ధున్‌లు పూర్తి అయినవి. మామూజాన్ లెక్కలో ఇంకను ఏడో ఎనిమిదో ఉన్నవి. తీసుకున్న కీబోర్డును తిరిగి ఇచ్చే గడువు మాత్రం దగ్గర పడినది. వీలైతే మరొకటి చూసిపెట్టమని, ఈసారి చక్రం కొంచెం పెద్దది ఉండవలెనని వారు కబురు పంపారు.